జవాబు చెప్పకుండా పాఠం నడపడం ఎలా? లోలకంతో మూడు పీరియడ్లు

అన్వేషణాత్మక అభ్యసనం, అంటే పిల్లలే ప్రశ్న వేసుకుని చేసి చూసి జవాబు తేల్చుకోవడం, అనే మాట వినపడకుండా ఏ శిక్షణ తరగతీ పూర్తి కాదు. మాడ్యూల్లో ఉంటుంది, పాఠ్యపుస్తకాల ముందుమాటల్లో ఉంటుంది, 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఉంది. తీరా మర్నాడు 50 మంది పిల్లల ముందు, 45 నిమిషాల పీరియడ్‌లో దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మర్నాటి పీరియడ్ కోసమే ఈ వ్యాసం. సిద్ధాంతాల జోలికి ఎక్కువగా పోకుండా, లోలకం అనే ఒక్క పాఠాన్ని పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలో చెబుతాను. ఒకసారి చేయి తిరిగాక మిగతా పాఠాలకు తగ్గట్టు మీరే మార్చుకోగలరు.

లోలకాన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దారం, రాయి ఉంటే చాలు. ప్రయోగశాల తాళం చెవి కోసం ఎవరినీ అడగనక్కర్లేదు. నిప్పు, ఆమ్లం, గాజు సామాను అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యం, దీని జవాబు పిల్లల ఊహకు అడ్డం తిరుగుతుంది. రాయి బరువు పెరిగితే ఊగే సమయం మారుతుందని తరగతిలో ఎక్కువ మంది గట్టిగా నమ్ముతారు. ఎటు మారుతుందన్న దగ్గరే వాళ్లకు తగాదా. పిల్లలకు ముందే తెలిసిన జవాబును మళ్లీ 'కనిపెట్టించడం' నాటకం అవుతుంది, అది వాళ్లకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ పద్ధతి మీద ఒక అపోహ బాగా పాతుకుపోయింది. సామాన్లు చేతికిచ్చి పక్కకు తప్పుకుంటే పిల్లలే అన్నీ కనిపెట్టేస్తారని. కనిపెట్టరు. ఇరవై నిమిషాలు దారం చిక్కులు తీసుకుని, రాళ్లు విసురుకుని, గంట కొట్టగానే వెళ్లిపోతారు. మార్గదర్శనం బాగా తగ్గించిన బోధన ఫలించదని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో రాసిన వ్యాసం విద్యారంగంలో పెద్ద చర్చకే దారితీసింది. కొత్తగా నేర్చుకునేవారి బుర్ర ఒకేసారి అన్నీ మోయలేదన్న వాళ్ల వాదనతో నాకు పేచీ లేదు. అందుకే ఇక్కడ చెప్పే తీరులో ప్రశ్న, సామగ్రి, కొలిచే పద్ధతి, సమయం అన్నీ మీ చేతిలోనే బిగువుగా ఉంటాయి. మీరు వదులుకునేది జవాబు చెప్పే హక్కు ఒక్కటే. వినడానికి చిన్న సంగతే. తెలిసిన జవాబు నాలుక చివర ఉండగా నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో మొదటి పీరియడ్‌లోనే తెలుస్తుంది.

ముందు రోజు: మీరే చేసి చూడండి

ఇంట్లో అరగంట కూర్చోండి. మాంజా పూయని గాలిపటం దారమో, టైలరు దారం రెండు పేటలో తీసుకోండి. సాగే నైలాను దారం వద్దు. సైకిలు షాపులో దొరికే ఇనుప నట్టు ఒకటి కట్టి 20, 40, 60, 80 సెంటీమీటర్ల పొడవుల్లో 20 ఊపులకు (అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూసుకోండి. దాదాపు 18, 25.4, 31, 36 సెకన్లు రావాలి. అర సెకను అటూ ఇటూ అయితే కంగారు పడకండి. రెండు మూడు సెకన్లు తేడా వస్తే మాత్రం ఎక్కడో లెక్క తప్పుతున్నట్టే. అది ఎక్కడో మీకు ముందే తెలియాలి, ఎందుకంటే రేపు పిల్లలు కూడా సరిగ్గా అక్కడే తప్పుతారు.

దారం వేలాడదీసే చోటు చూసుకోండి. పెన్సిలుకు ముడి వేసి బెంచి అంచున పెడితే పెన్సిలు దొర్లి పొడవు మారిపోతుంది. దారాన్ని రెండు స్కేళ్ల మధ్య బిగించి, వాటిపై నాలుగు పుస్తకాలు పెట్టి బెంచి అంచు నుంచి వేలాడదీస్తే కదలదు. మామూలు బెంచి ఎత్తుకు 60 సెంటీమీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. 80 సెంటీమీటర్ల లోలకం నేలకు తగులుతుంది కాబట్టి దాన్ని కిటికీ ఊచకు కట్టాలి. ఆ ఒక్కటీ మూడో పీరియడ్‌కు అట్టిపెట్టుకోండి.

జట్టుకు అయిదుగురు చొప్పున పది జట్లు చేయండి. ఒకరు రాయిని వదలాలి, ఒకరు ఊపులు లెక్కపెట్టాలి, ఒకరు సమయం చూడాలి, ఒకరు పొడవు కొలవాలి, ఒకరు రాయాలి. ప్రతి కొలతకూ పనులు మారాలి. ఈ నియమాన్ని మీరు పట్టించుకోకపోతే రాసే పని చేతిరాత బాగున్న అమ్మాయికి, స్టాప్‌వాచ్ నోరున్న అబ్బాయికి శాశ్వతంగా దఖలు పడిపోతాయి.

మొదటి పీరియడ్: ప్రశ్న పుట్టించడం

గదిలోకి వెళ్లగానే పాఠం పేరు చెప్పకండి. రాయి కట్టిన దారాన్ని పట్టుకుని ఊపండి, అర నిమిషం మాట్లాడకుండా ఉండండి. తర్వాత ఒక్క మాట అడగండి: "దీన్ని చూస్తే మీకు ఏం తెలుసుకోవాలనిపిస్తోంది?"

మొదట ఎవరూ మాట్లాడరు. ఇక్కడే చాలామంది ఉపాధ్యాయులు నిశ్శబ్దాన్ని భరించలేక తామే జవాబు అందిస్తారు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తున్నాయనీ అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు. మనసులో అయిదు లెక్కపెట్టుకోండి. ఎవరో ఒకరు మొదలుపెడతారు, ఆ తర్వాత ఆపడమే కష్టం.

ఎప్పుడు ఆగుతుంది? ఎందుకు ఆగుతుంది? పెద్ద రాయి కడితే? గట్టిగా నెడితే? దారం పొడుగైతే? గాలి లేకపోతే? వచ్చిన ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే నల్లబల్ల మీద రాయండి. మీ భాషలోకి దిద్దకండి. 'పెద్ద రాయి కడితే జోరుగా పోతుందా' అని అడిగిన పిల్లవాడి ప్రశ్నను 'ద్రవ్యరాశి ప్రభావం' అని రాస్తే ఆ ప్రశ్న ఇక వాడిది కాదు.

తర్వాత వడపోత. "వీటిలో ఈ దారం, ఈ రాళ్లు, ఈ గడియారంతో ఇవాళే తేల్చగలిగేవి ఏవి?" అని అడగండి. గాలి లేని గది మన దగ్గర లేదు కాబట్టి ఆ ప్రశ్న పక్కకు పోతుంది. కానీ దాన్ని చెరిపేయకండి. గోడ మీద ఒక చార్టు పెట్టి తేలని ప్రశ్నలన్నీ అందులో రాయించండి. 'ఎందుకు' ప్రశ్నలు కూడా నేరుగా చేతికి చిక్కవు. వాటిని 'ఏది మార్చితే ఏది మారుతుంది' అనే రూపంలోకి తిప్పడం మీ పని. చివరికి బల్ల మీద ఇది మిగలాలి: ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి పట్టే సమయం దేనివల్ల మారుతుంది? రాయి బరువా, దారం పొడవా, ఎంత దూరం లాగి వదిలామన్నదా?

ఇప్పుడు ప్రతి ఒక్కరూ నోటు పుస్తకంలో పెన్నుతో తమ అంచనా రాయాలి. 'బరువు పెరిగితే సమయం పెరుగుతుంది / తగ్గుతుంది / మారదు, ఎందుకంటే...' అని. 'ఎందుకంటే' తర్వాత ఖాళీ వదిలితే ఒప్పుకోకండి. పెన్సిలు వద్దు, తర్వాత చెరిపి దిద్దుకుంటారు. చేతులెత్తించి ఏ అంచనాకు ఎంత మంది ఉన్నారో బల్ల మీద రాయండి. ఈ సమయంలో మీ ముఖం జాగ్రత్త. ఉపాధ్యాయుడి కనుబొమలు చూసి సరైన జవాబు పసిగట్టడంలో మన పిల్లలు ఆరితేరినవాళ్లు. అన్ని అంచనాలకూ ఒకేలా "సరే, రాద్దాం" అనండి. "శభాష్" అన్నారో, ఆట అయిపోయినట్టే.

పీరియడ్‌లో మిగిలిన పది నిమిషాలు ఒక దొంగ ప్రయోగానికి. పొట్టి దారానికి చిన్న రాయి, పొడుగు దారానికి పెద్ద రాయి కట్టి రెండూ ఊపండి. "చూశారా, పెద్ద రాయి నెమ్మదిగా ఊగుతోంది. బరువు వల్లే, ఒప్పుకుంటారా?" అని చాలా గంభీరంగా అడగండి. "సార్, దారం కూడా మారింది కదా!" అని ఎవరో అరుస్తారు. అరవకపోతే ఇంకోసారి చూపించండి. ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావి కదలకూడదు అన్న నియమం పిల్లల నోటి నుంచే రావాలి. దాన్ని వాళ్ల పేరుతోనే బల్ల మీద రాసి, రేపటికి ఏ జట్టు ఏది మార్చి చూస్తుందో పంచేయండి. నాలుగు జట్లకు బరువు, నాలుగింటికి పొడవు, రెండింటికి లాగే దూరం.

రెండో పీరియడ్, మొదటి సగం: కొలవడం

ముందు ఒక్క ఊపు సమయం కొలవమనండి. ఒకే జట్టుకు ఒకే లోలకంతో 0.7, 1.1, 0.9 అని వస్తాయి. "ఏది నిజం?" అని అడగండి. స్టాప్‌వాచ్ నొక్కే వేలి ఆలస్యం వాళ్లకే అర్థమవుతుంది. ఎక్కువ ఊపులు కొలిచి భాగిద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే మంచిది. రాకపోతే మీరే చెప్పండి, అందులో తప్పేమీ లేదు. 20 ఊపులు కొలవాలని తీర్మానించండి.

ఏ ఇబ్బందిని మీరు తొలగించాలి, ఏ ఇబ్బందిని కావాలని వదిలేయాలి అన్నది ఈ పద్ధతిలో అసలు నేర్పు. లెక్కించే తీరు మీరు తొలగించాల్సిన ఇబ్బంది. రాయిని వదలగానే 'ఒకటి' అనడం మన అలవాటు. అలా అంటే 'ఇరవై' అనేసరికి 19 ఊపులే అవుతాయి, సమయం ఒక సెకను దాకా తగ్గిపోతుంది. వదలగానే 'సున్నా', తిరిగి అదే చోటుకు వచ్చాక 'ఒకటి'. తరగతి మొత్తంతో రెండుసార్లు బిగ్గరగా సాధన చేయించండి. ఈ తప్పులో పిల్లలు నేర్చుకునే భౌతికశాస్త్రం ఏమీ లేదు, చిరాకు తప్ప.

దారం పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్నది మాత్రం చెప్పకండి. ఎవరైనా అడిగితే "మీ జట్టు ఒక నిర్ణయం తీసుకోండి, ఏం నిర్ణయించారో రాసిపెట్టండి" అనండి. చాలా జట్లు ముడి దాకానే కొలుస్తాయి. కొలవనివ్వండి. కాసేపట్లో ఆ తప్పే పాఠాన్ని ముందుకు నడుపుతుంది.

బడిలో ఒక్కటే ఫోన్ ఉంటే, అది మీదే అయితే, పద్ధతి తిరగేయండి. అన్ని జట్లూ మీరు "మొదలు" అనగానే వదలాలి, మీరు "ఆపండి" అనేదాకా, అంటే 30 సెకన్లు, ఊపులు లెక్కపెట్టాలి. పొడవు పెరిగినకొద్దీ అంకె తగ్గుతుంది కాబట్టి కొందరు తికమకపడతారు. ఊపుల సంఖ్యతో 30ని భాగించి ఒక్క ఊపు సమయం రాయిస్తే సరి.

రెండో సగం: అంకెల పంచాయితీ

పాఠం మొత్తంలో విలువైన ఇరవై నిమిషాలు ఇవి. చాలా తరగతుల్లో ఇవే ఎగిరిపోతాయి. ప్రయోగం అయిపోగానే ఉపాధ్యాయుడు "కాబట్టి బరువు మీద ఆధారపడదు" అని బల్ల మీద రాసేస్తాడు, పిల్లలు దించుకుంటారు. అలా చేసేటట్లయితే దారాలు కట్టడం దండగ, నేరుగా నోట్సు చెప్పడమే మేలు.

బల్ల మీద పెద్ద పట్టిక గీసి ప్రతి జట్టు అంకెలూ అందరికీ కనిపించేలా రాయండి. బరువు చూసిన నాలుగు జట్ల దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. అందరూ ముడి దాకా 25 సెంటీమీటర్లు తీసుకున్నారనుకోండి. మొదటి జట్టు గోలీ అంత రాయికి 20.5 సెకన్లు, అరచేయంత పొడుగు రాయికి 21.6 సెకన్లు అంది. రెండో జట్టుదీ దాదాపు అంతే. మూడో జట్టు రెండింటికీ పది సెకన్ల చిల్లరే అంటోంది. నాలుగో జట్టు పెద్ద రాయి బదులు రెండు చిన్న రాళ్లు పక్కపక్కన కట్టింది, తేడా ఏమీ లేదంటోంది.

మూడో జట్టును చూసి తరగతి నవ్వుతుంది. నవ్వు ఆపించి, "వీళ్ల అంకె మిగతావాళ్ల అంకెలో సరిగ్గా సగం ఎందుకుంది?" అని అడగండి. తప్పు అంకె ఎప్పుడూ ఏదో ఒక కారణంతోనే వస్తుంది, ఆ కారణం కనిపెట్టడం సరైన అంకె రావడం కంటే మంచి చదువు. అటు వెళ్లడాన్ని ఒకటిగా, ఇటు రావడాన్ని ఇంకొకటిగా లెక్కపెట్టారని రెండు నిమిషాల్లో తేలుతుంది. ఆ జట్టు పరువూ దక్కుతుంది.

అసలు చిక్కు మొదటి జట్టుకూ నాలుగో జట్టుకూ మధ్య. బరువు పెరిగితే సమయం పెరుగుతుందని మొదటి జట్టు అంకెలు చూపిస్తోంది. పెరగదని నాలుగో జట్టు అంటోంది. ఓటింగు పెట్టకండి. ఇద్దరి లోలకాలూ ముందుకు తెప్పించి పక్కపక్కన వేలాడదీసి, "తేడా ఏమైనా కనబడుతోందా?" అని మాత్రమే అడగండి. పక్క నుంచి చూస్తే పొడుగు రాయి మధ్య భాగం కిందికి ఉంటుంది. ముడి దాకా రెండూ 25 సెంటీమీటర్లే అయినా, ఒకదాని బరువు 26 దగ్గర వేలాడుతోంది, మరొకదానిది 29 దగ్గర. "సార్, మా రాయి పొడుగ్గా ఉంది, దారం పెరిగినట్టే కదా" అన్న మాట మొదటి జట్టు నుంచే వస్తే మీ పాఠం పండినట్టే. ఎంతకీ రాకపోతే, "రాయి మధ్యలో చుక్క పెట్టి పై నుంచి కొలవండి" అనండి, అంతకు మించి చెప్పకండి.

ఇప్పుడు ఇనుప నట్లు బయటికి తీయండి. ఒక నట్టు, తర్వాత మూడు నట్లు దారానికి పక్కపక్కనే గుచ్చితే బరువు మూడింతలవుతుంది, మధ్య భాగం కిందికి జారదు. కొలిస్తే 20.3, 20.6 లాంటివి వస్తాయి. అప్పుడు ఎవరో తప్పకుండా అంటారు: "చూశారా సార్, బరువుకు సున్నా పాయింట్ మూడు పెరిగింది!"

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయవద్దు. ఒకే నట్టుతో, ఏమీ మార్చకుండా అయిదుసార్లు కొలవమనండి. 20.2, 20.6, 20.4, 20.1, 20.5. ఏదీ మార్చకపోయినా అంకె ఇంతగా కదులుతోంది. అలాంటప్పుడు 0.3 తేడాను బరువు ఖాతాలో వేయవచ్చా? కొలతకు తనదైన వణుకు ఉంటుందనీ, ఆ వణుకును దాటిన తేడానే తేడాగా లెక్కించాలనీ ఏడో తరగతి పిల్లలకు అర్థమవుతుంది. పొడవు మార్చిన జట్ల అంకెలు చూపించండి: 18 నుంచి 25, 25 నుంచి 31. అక్కడ తేడా వణుకు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మూడు పీరియడ్లు పెట్టినందుకు నాకు చింత లేదు. పదో తరగతి పూర్తిచేసినవాళ్లలో కూడా ఇది తెలిసినవాళ్లు తక్కువ.

లాగే దూరం చూసిన రెండు జట్లు మిగిలాయి. కొంచెం లాగి వదిలితే ఒక సమయం, బాగా పైకెత్తి వదిలితే కొద్దిగా ఎక్కువ సమయం వచ్చిందని ఒక జట్టు అనవచ్చు. 'మారదు' అని పుస్తకంలో ఉంది కదా అని ఆ పిల్లల్ని తప్పుపట్టకండి, వాళ్లదే ఒప్పు. చిన్న ఊపులకు సమయం మారదన్నది నిజం. 60 డిగ్రీల దాకా లాగి వదిలిన లోలకానికి ఒక్క ఊపు సమయం చిన్న ఊపు కంటే 7 శాతం వరకూ ఎక్కువ ఉంటుంది. ఊగుతున్నకొద్దీ ఊపు తగ్గిపోతుంది కాబట్టి 20 ఊపుల మీద అంత తేడా కనిపించదు, కానీ జాగ్రత్తగా కొలిచే జట్టుకు చిక్కుతుంది. గెలీలియో కూడా పెద్ద ఊపులకు సైతం సమయం మారదనే నమ్మాడు. అది సరికాదని చూపినది హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త. లోలకం గడియారాన్ని 1656లో తయారుచేసినవాడు ఆయనే, 1673లో అచ్చయిన గ్రంథంలో ఈ లెక్కంతా వివరించాడు. "గెలీలియో వదిలేసిన సంగతి మీరు పట్టుకున్నారు" అని ఆ జట్టుతో చెప్పండి. మెచ్చుకోలుకు ఇది తగిన సమయం.

మూడో పీరియడ్: సూత్రం, దానికి పరీక్ష

పొడవు అంకెల్ని గ్రాఫు కాగితం మీద పెట్టించండి. 20 సెంటీమీటర్లకు 18, 40కి 25.4, 60కి 31. బిందువులు కలిపితే గీత వంగుతుంది. పొడవు రెట్టింపయితే సమయం రెట్టింపు కావడం లేదని గమనించాక, 80 సెంటీమీటర్లకు ఎంత వస్తుందో ఒక్కొక్కరు రాయాలి. కొందరు గ్రాఫును పొడిగించి 36, 37 అంటారు. ఇంకా నమ్మకం వదలనివాళ్లు 72 అంటారు. కిటికీ ఊచకు కట్టిన లోలకాన్ని వదలండి, తరగతి మొత్తం కలిసి లెక్కపెట్టాలి.

36 దగ్గర గడియారం ఆగుతుంది. 20కి 18, 80కి 36. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలు. ఆరు, ఏడు తరగతులకు ఇక్కడ ఆగండి. ఎనిమిది, తొమ్మిది తరగతులైతే "మూడింతలు సమయం కావాలంటే పొడవు ఎన్నింతలుండాలి?" అని అడగండి. 'తొమ్మిది' అన్న జవాబు వస్తే వర్గమూలం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు పాఠ్యపుస్తకం తెరవండి. డోలనం (ఒక ఊపు), ఆవర్తన కాలం (ఒక ఊపుకు పట్టే సమయం), కంపన పరిమితి (మధ్య నుంచి ఎంత దూరం ఊగిందన్నది) అనే మాటలు ఇప్పుడు చెప్పండి, నేరుగా, ఏ దాపరికం లేకుండా. పిల్లల దగ్గర వస్తువు ఉంది, దానికి పేరు లేదు. ఈ సమయంలో పేరు చెబితే నిలుస్తుంది. పేర్లు, ప్రమాణాలు, సంకేతాలు ఎవరూ అన్వేషించి కనిపెట్టేవి కావు. సోడియం సంకేతం ఏమై ఉంటుందో ఊహించమని అరగంట అడిగే తరగతుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మార్కులు ఎలా వేయాలి?

ప్రాజెక్టు పని అనగానే ఫ్యాన్సీ షాపులో థర్మాకోల్ షీటు, నెట్ సెంటర్లో రంగుల ప్రింటు గుర్తొచ్చే స్థితికి వచ్చాం. తనిఖీ రోజున గోడలు నిండుగా ఉంటాయి, దాని గురించి రెండు ప్రశ్నలు వేస్తే పిల్లలు నేల చూపులు చూస్తారు. ఇక్కడ ఆ అవసరం లేదు. నోటు పుస్తకంలో ఒక్క పేజీ చాలు: ముందు ఏమనుకున్నాను, ఏం చేశాం, ఏ అంకెలు వచ్చాయి, ఇప్పుడు ఏమనుకుంటున్నాను, ఎందుకు. అంచనా తప్పినందుకు మార్కు తీయకండి. తప్పిన అంచనాను చెరిపేసి దిద్దినందుకు తీయండి. 'ఎందుకు' దగ్గర తమ జట్టు అంకెను చూపించినవాళ్లకు పూర్తి మార్కులు, 'సార్ చెప్పారు కాబట్టి' అని రాసినవాళ్లకు సున్నా.

నిజంగా అర్థమైందో లేదో చూడటానికి ఒక్క పని ఇవ్వండి: "ఒక ఊపుకు సరిగ్గా ఒక సెకను పట్టే లోలకం చేసి చూపించండి." ఎంత పొడవో చెప్పకండి. గ్రాఫు చూసుకుని 25 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టే జట్టుకూ, గుడ్డిగా దారం పెంచుతూ తగ్గిస్తూ ఉండే జట్టుకూ తేడా అయిదు నిమిషాల్లో మీకే కనిపిస్తుంది.

వచ్చే అభ్యంతరాలు

"ఒక్క పాఠానికి మూడు పీరియడ్లా? సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?" న్యాయమైన ప్రశ్నే. అన్ని పాఠాలూ ఇలా చెప్పమని నేను అనను, చెప్పలేం కూడా. టర్ముకు రెండు పాఠాలు చాలు. మిగతావి ఎప్పటిలా వివరించి చెప్పండి. ఏ పాఠం దీనికి పనికొస్తుందో తేల్చడానికి గుర్తులు ఇవి: జవాబు పిల్లల ఊహకు విరుద్ధంగా ఉండాలి, చేతిలో ఉన్న సామాన్లతో తేలాలి, తప్పు జరిగితే ఎవరికీ గాయం కాకూడదు.

గోల గురించి ప్రధానోపాధ్యాయుడికి ముందు రోజే ఒక మాట చెప్పి ఉంచండి. పక్క తరగతి ఉపాధ్యాయుడికి కూడా. పది జట్లు పని చేస్తుంటే గోల ఉంటుంది. పనికొచ్చే గోలలో అంకెలు వినపడతాయి, అదొక్కటే నాకు తెలిసిన కొండగుర్తు.

"ఇవన్నీ పెద్ద బళ్లకు, ప్రభుత్వ బడుల్లో కుదరదు" అనేవాళ్లకు మధ్యప్రదేశ్ చరిత్ర చెప్పండి. 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బడుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల సైన్సును పూర్తిగా ప్రయోగాల మీద నడిపే కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని ప్రారంభించాయి, తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ముందుకు తీసుకెళ్లింది. ప్రభుత్వ ఉపాధ్యాయులే బోధించారు. పుస్తకాలు తెరిచి రాసే పరీక్షలు పెట్టారు, ప్రయోగ పరీక్షలూ పెట్టారు. సవాలీరామ్ అనే కల్పిత పాత్రకు పిల్లలు తమ సందేహాలు ఉత్తరాలుగా రాసేవారు. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆపేసిన సంగతి కూడా దాచకుండా చెప్పండి. పరీక్ష విధానం మారకుండా బోధన ఒక్కటే మార్చితే ఉపాధ్యాయుడి మీద ఎంత ఒత్తిడి పడుతుందో అప్పుడే మాట్లాడుకోగలం. పబ్లిక్ పరీక్ష దగ్గరపడిన పదో తరగతితో మీరు ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది. ఏడో తరగతితో మొదలుపెట్టండి.

వేరే పాఠాలకు

జీవశాస్త్రంలో పెసలు ఉన్నాయి. మొలకెత్తడానికి వెలుతురు కావాలని దాదాపు అందరూ రాస్తారు. తడి గుడ్డలో చుట్టి ఒక గిన్నె ఎండ తగలని కిటికీ దగ్గర, ఒకటి మూత వేసి చీకట్లో పెడితే రెండు రోజుల్లో రెండూ మొలుస్తాయి. ఆ తర్వాత వారం రోజులు పెరగనిస్తే వెలుతురు ఎక్కడ అవసరమో చీకట్లో పెరిగిన పాలిపోయిన పసుపు కాడలే చెబుతాయి.

లెక్కల్లో 20 అగ్గిపుల్లలు ఇచ్చి, అన్నీ వాడి దీర్ఘచతురస్రాలు చేయమనండి. చుట్టుకొలత మారదు కాబట్టి వైశాల్యం కూడా మారదని పిల్లలు అంటారు. 9, 1 భుజాలతో 9 గళ్లు, 5, 5 భుజాలతో 25 గళ్లు వచ్చేసరికి తగాదా మొదలవుతుంది.

సాంఘిక శాస్త్రంలో పని ఇంకా నెమ్మది. ఊరి చెరువు ఎందుకు చిన్నదైంది అన్న ప్రశ్నకు తాతయ్యలు ఒకటి చెబుతారు, రైతులు ఒకటి, పాత గ్రామ పటం ఇంకొకటి. అక్కడ కూడా పని అదే: ఎవరి మాట, దేని ఆధారంగా, ఎంతవరకు నమ్మాలి. కాకపోతే కొలతల వణుకు స్థానంలో మనుషుల జ్ఞాపకాలు, అవసరాలు ఉంటాయి, అందుకని మూడు పీరియడ్లు చాలవు. ఆదివారం ఒకటి కలుపుకోండి.

లోలకం పాఠం ముగిసిన వారంలోనే తేలని ప్రశ్నల చార్టు దగ్గరికి మళ్లీ వెళ్లండి. అందులో ఉయ్యాల గురించి ఏదో ఒక ప్రశ్న ఉండే ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే ఏమవుతుంది? నిలబడి ఊగితే ఏమవుతుంది? దగ్గర్లో పార్కులోనో, ఎవరి పెరట్లోనో ఉయ్యాల ఉంటే 10 ఊపులు కొలిచి రమ్మనండి. గట్టిగా ఊపవద్దనీ, నిలబడేవాళ్లు గొలుసులు వదలవద్దనీ చెప్పండి. నిలబడినప్పుడు సమయం కొంచెం తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో అడిగినప్పుడు ఎవరైనా ఆ పొడుగు రాయి సంగతి ఎత్తుతారేమో చూడండి. ఎత్తితే తర్వాతి పాఠానికి వెళ్లండి. ఎత్తకపోతే ఇంకో పీరియడ్ పట్టినా సరే, రెండు లోలకాలూ మళ్లీ పక్కపక్కన వేలాడదీయండి.